గుండు, బద్ద, నూక

కాశీబుగ్గ రైలుగేటు అవతల షెడ్డులో
పొద్దున్న ఎనిమిది నుంచీ నాది చూపు పని.
బల్ల మీద జీడిపప్పు కుప్ప.
గుండు ఇటు, బద్ద అటు, నూక కింది గంపలోకి.
గుండుల్లో మళ్లీ నూటెనభై, రెండొందల నలభై, మూడొందల ఇరవై.
తక్కెడ అక్కర్లేదు,
వేలికొసకి తెలుస్తుంది.

రాత్రి తొమ్మిదికి గుహలోకి దిగుతాను.
తమ్ముడు ఢిల్లేసు బరంపురంలో బేరమాడి తెచ్చిన పాత కంప్యూటరు,
రెండుసార్లు నొక్కితే ఒకసారి వినే మౌసు.
తెర మీద నేను గొడ్డలి పట్టిన మనిషిని.
ఎముకలు లేచి వస్తాయి, కొడతాను, రాలతాయి.
రాలిన చోట ఏదో మెరుస్తుంది.

ఆ మెరుపు గురించే చెప్పాలి.

తిత్లీ వచ్చిన ఏడు
ఉద్దానం జీడితోటలు వేళ్లు పైకెత్తి పడుకున్నాయి.
షెడ్డుకి గింజ రాలేదు.
కరెంటొచ్చాక, చేతులు ఊరికే ఉండలేక
మొదలెట్టాను.
మొదటి వారం ఏది దొరికినా పండగే.
తోలు చేతొడుగులు దొరికిన రాత్రి కుర్చీలోంచి లేచిపోయాను.
జీడినూనె తిన్న ఈ వేళ్లకి
పదేళ్లుగా అడిగినా షెడ్డులో ఎవరూ ఇవ్వని వస్తువు!

తర్వాత రంగులు తెలిశాయి.
తెలుపు చెత్త, నీలం ఫరవాలేదు, పసుపు మంచిది,
నారింజ అయితే నేలలోంచి వెలుగు నిలువునా లేస్తుంది,
గంట మోగుతుంది.
అది ఏమిటో పేరు చదవకముందు
ఒక అరక్షణం ఉంటుంది చూడండి,
అదే ఆట.
చదివాక మిగిలేది లెక్క.

సంచి నిండుతుంది. ఊళ్లోకి తిరిగి రావాలి.
పాత కవచం పదహారు, కొత్తది పదిహేడు,
కానీ మంటకి రెండు శాతం తక్కువ.
ఏది ఉంచను?
అమ్ముతాను, కరిగిస్తాను, మళ్లీ దిగుతాను.
పన్నెండు దాటాక ఉలిక్కిపడతాను:
గుండు ఇటు, బద్ద అటు.
కూలి లేని రెండో షిఫ్టు.

ఎముకల రాజుని ఇప్పటికి నూట నలభైసార్లు చంపాను.
మొదటిసారి అరచేతులు తడిసిపోయాయి,
మూడుసార్లు చచ్చి నాలుగోసారి గెలిచి
నిద్రపోతున్న ఢిల్లేసుని లేపి మరీ చెప్పాను.
ఇప్పుడు వాడు తలుపు తీయగానే
“వచ్చావా నాయనా” అంటాను,
వాడి శాపం వాడికంటే ముందే అప్పజెప్పేస్తాను.
నన్ను చంపలేని వాడి జేబులో
ఏముంటే మాత్రం ఏం బరువు?

“ఎందుకప్పా, ఒకటే గుహ, ఒకటే సచ్చినోడు. ఏటొస్తాది?”
అంటాడు ఢిల్లేసు.
“ఏటి రాలతాదో సూద్దారని” అంటాను.
అబద్ధం కాదు.
షెడ్డులో నా వేళ్ల మీంచి గంపలకి గంపలు దాటిపోతాయి,
సాయంత్రం గేటు దగ్గర కొంగు దులిపి చూపించి వెళ్లాలి.
ఇక్కడ రాలిందల్లా నాదే.
మరెందుకో, నారింజవి నలభై పోగయ్యాక
ఒక్కదాని పేరూ గుర్తులేదు.

మొన్న మంగళవారం
కుప్పలో జంట గుండు తగిలింది,
రెండు పప్పులు వీపులంటుకుని పుట్టినవి.
ఏ రకంలోనూ చేరదు.
వెలుగు లేవలేదు, గంట మోగలేదు.
మేస్త్రీ ఫోనులో ఉన్నాడు.
పక్క బల్ల నీలవేణి చూసింది,
కళ్లతోనే ‘తినీయే’ అంది.
విరిచి సగం దానికిచ్చాను.
మధ్యాహ్నం దాకా ఇద్దరం
నాలిక దంతాల వెనక తిప్పుతూనే ఉన్నాం.

ఆ రాత్రి గుహలోకి దిగలేదు.
పెట్టె తెరిచి సర్దుతూ కూచున్నాను.
నారింజవన్నీ కరిగించేశాను,
పొడి బాగానే వచ్చింది.
అడుగున ఆ తోలు చేతొడుగులు.
రక్షణ: రెండు.
అమ్మితే ఒక నాణెం.

అమ్మను.