కట్టేసిన బోటు నడక

ఫిషింగ్ హార్బర్, జీరో జెట్టీ.
రెండు మోకులతో కట్టేసిన బోటు
రాత్రంతా నడిచిందని చెప్పింది మిషన్.
తూర్పుకి అరవై గజాలు, మళ్లీ వెనక్కి,
నిద్ర పట్టని మనిషిలా.

పదో తరగతి తప్పిన నాకే అంకెలు రాసే పని.
అట్ట ఊడిన నోట్‌బుక్కులో
ఉత్తరం ఇంత, తూర్పు ఇంత,
చివరి అంకెలు మాత్రం పెన్సిల్‌తో.

సరంగు చోడిపిల్లి ఎల్లాజీ దాని వంక చూసేవాడే కాదు.
యారాడ కొండ ముక్కు మీదికి
సింహాచలం కొండ వీపు ఎక్కిన చోట
ఇంజన్ ఆపమనేవాడు.
కింద పార. పార చుట్టూ గులివిందలు.

మంచు పడితే కొండలుండేవి కావు.
అలాంటి ఒక పొద్దున్న మిషన్ మాట విన్నాం.
వల పారకి పట్టేసి సగమే పైకొచ్చింది.
పద్దెనిమిది వేల అప్పు,
వంద గజాల తేడాలో.
అదే మంచులోంచి ఒక నేవీ షిప్పు
సొంత వీధిలో నడిచినట్టు
మమ్మల్ని దాటి వెళ్లింది.

రిపేరు షాపు డేనియల్ అన్నాడు:
మిషన్లో ఏ లోపమూ లేదు,
పైనుంచొచ్చే మాటలోనే ఎక్కడో దేశంవాళ్లు తప్పు కలుపుతున్నారు,
సరైనది వాళ్ల సైన్యానికి, మిగిలింది లోకానికి.
ఎల్లాజీకి ఎక్కలేదు. నాకూ సగమే.
చేపల గంప దించుతూ గున్నమ్మ అంది:
"అంటే ఏటి, కాటా కింద అయస్కాంతం ఎట్టినారన్నమాట.
ఎంత తూగిందో ఆడికి తెలుసు, మనకి తెల్దు."

మే నెల. వేట లేని రోజులు.
ఒక మంగళవారం పది గంటలకి
అంకెలు నిలబడ్డాయి.
టీ తాగొచ్చి చూశాను, అక్కడే.
అన్నం తినొచ్చి చూశాను, అక్కడే.
మొదటిసారి బోటు
కట్టేసిన చోట ఉంది.

ఆపేశారట.
కలిపినప్పుడూ మమ్మల్ని అడగలేదు,
ఆపినప్పుడూ చెప్పలేదు.

ఆ ఏడు వానలో, ఏ కొండా లేని తెలుపులో,
ఎల్లాజీ కళ్లు చికిలించి
"ఇక్కడే" అన్నాడు,
మిషన్ కంటే ఒక్క క్షణం ముందు.
పెన్సిల్ అంకెల మీద పెన్నుతో దిద్దాను.

పక్క బోటు సూరాడ దాసు
రెండొందలు నా జేబులో పెట్టి అడిగాడు పార ఎక్కడని.
రాసిచ్చాను.
చివరి అంకె ఒక్కటి మార్చి.

మూడో నాటికి వాళ్ల వల సగమే వచ్చింది.
జెట్టీ మీద గున్నమ్మ
రోజూలాగే కాటా పైకెత్తి
అడుగున చెయ్యి పెట్టి తడిమింది.
నేను సముద్రం వైపు తిరిగాను.