ఎడమ పక్క అతుకు

ముప్పై ఏళ్లు నేను సినిమావాళ్లకి సముద్రం చూపించాను.
జీతం లేదు, టైటిల్స్‌లో పేరు పడలేదు,
రోజు బత్తెం, టిఫిను, కొసరుగా ఒక గొడుగు.
భీమిలి రోడ్డులో ఏ మలుపు దగ్గర
కొబ్బరాకు అడ్డం రాకుండా సూర్యుడు లేస్తాడో,
యారాడ కొండ ఎక్కుతుంటే ఎన్నో వంపులో
లైట్‌హౌసు హీరోయిన్ భుజం మీద వాలినట్టుంటుందో
నన్నడిగేవాళ్లు.
"అప్పలసూరీ, మబ్బెప్పుడు పోతుందయ్యా?"
నేనేదో మబ్బుల ఆఫీసులో గుమాస్తానైనట్టు.

మబ్బు పోయేదాకా అందరం కూర్చునేవాళ్లం.
అదీ పనే అప్పట్లో.
జనరేటర్ వ్యాను డ్రైవరు చుట్ట ముట్టించేవాడు.
గుంపు సీనుకని నేను తెచ్చిన నలభైమంది
జాలరిపేట ఆడవాళ్లు
బుట్టలు బోర్లించి వాటి మీద చతికిలబడి
హీరో ముక్కు గురించి మాట్లాడుకునేవారు.
సముద్రం ఎవరి మాటా వినేది కాదు.
ఒకసారి దర్శకుడు "కట్" అన్నాక కూడా
అల ఆగలేదు, కెమెరా కాళ్లు తడిపి
అసిస్టెంటు చెప్పు ఒకటి పట్టుకుపోయింది.
సినిమాలో ఆ అలే బాగుందన్నారు జనం.

ఇప్పుడు ఫోను మోగదు.
డాబాగార్డెన్స్‌లో ఆ సినిమా ఆడిన హాలు బట్టల దుకాణమైంది.
తెర ఉన్న గోడకి పెళ్లి చీరలు.
బాల్కనీ మెట్లు మాత్రం అవే,
ఎక్కితే పిల్లల గౌన్లు.

పోయిన వేసవిలో హైదరాబాద్ నుంచి ఇద్దరు కుర్రాళ్లొచ్చారు.
గొడుగు లేదు, క్లాప్ బోర్డు లేదు,
వీపున సంచి, చేతిలో కందిరీగలా గుయ్యిమనే యంత్రం.
"అంకుల్, ఒక పాత నావ కావాలి."
చోడిపల్లి ఎల్లాజీ దగ్గరికి తీసుకెళ్లాను.
ఎల్లాజీ మొహం కడుక్కుని, ఉతికిన లుంగీ కట్టి
తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు, పాత అలవాటు.
"మీరు పక్కకి జరగాలి" అన్నారు.
పైనుంచి, కిందనుంచి, కడుపులోనుంచి
నావకి నాలుగొందల ఫొటోలు తీశారు.
గంటలో అయిపోయింది.
వెయ్యి రూపాయలు ఫోన్లో కొట్టారు.
"నీల్లలోకి తొయ్యమంటారేటి?" అడిగాడు ఎల్లాజీ.
"అక్కర్లేదు, నీళ్లు మా దగ్గరున్నాయి."

దసరాకి సినిమా వచ్చింది.
ఎల్లాజీని మాల్‌కి తీసుకెళ్తే పాప్‌కార్న్ ధర విని
"వంజరం రేటు సెప్తన్నాడేటి?" అన్నాడు.
ఇంటర్వెల్ తర్వాత తుపాను.
యుద్ధానికి బయల్దేరిన వంద నావలు,
కొండంత అలల మీద లేచి పడుతూ.
ఒక్కోదాంట్లో పదిమంది,
వాళ్లకీ మొహాలున్నట్టే ఉన్నాయి.
హాలంతా ఈలలు.
ఎల్లాజీ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అది నాదే."
అవును, నీదే.
"కాదు సూరీ. అదీ నాదే. అదీ. ఆ యెనకాలదీ."

ఎడమ పక్క, అణియం దగ్గర,
హుద్‌హుద్ రాత్రి రాతికి కొట్టుకుని పగిలిన చోట
నూనె డబ్బా రేకు కోసి
ఎల్లాజీ కొట్టిన అతుకు.
పదకొండు మేకులు, ఒకటి వంకర.
వంద నావలకీ అదే రేకు.
వంద వంకర మేకులు.
అవి ఏ రాత్రి పగిలాయో, ఎవడు కూర్చుని అతికాడో.

బయటికొచ్చి బీచ్ రోడ్డు మీద చాలాసేపు నడిచాం.
నేను లెక్క కడుతున్నాను,
నావకి వెయ్యి చొప్పున వందకి లక్ష.
అతను వేరే లెక్కలో ఉన్నాడు.
"ఒక్కదాన్లోకీ నీల్లు రాలేదు, సూసినావా?"
అన్నాడు చివరికి, కాస్త గర్వంగానే.

మర్నాడు వేకువ మూడింటికి
ఎందుకో నేనూ అతనితో నావ తోశాను.
ఆకాశం నిండా మబ్బు.
ఎప్పుడు పోతుందని ఎవరూ అడగలేదు.
ఒడ్డు అల దాటగానే అతుకు దగ్గర చెమ్మ,
తర్వాత సన్నటి ధార.
ఎల్లాజీ వెనక్కి చూడకుండానే
ప్లాస్టిక్ మగ్గు నా చేతికిచ్చాడు.
తోడుతున్నాను.