బండి నంబర్లలో ఓ ఉండదు

రాత్రి పదకొండు దాటాక ఫోన్.
చీమకుర్తి కాటా గదిలో సర్వరు పలకడం లేదు,
రాళ్ళెత్తుకుని ఆరు లారీలు నిలబడి ఉన్నాయి,
తెల్లారేసరికి కృష్ణపట్నం రేవులో ఉండాలి.

ఒంగోలు లాయర్‌పేటలో, డాబా మెట్ల మీద
ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తలుపు తట్టాను.
ముందు నా మిషనే మొరాయించింది:
అవతలివాడి తాళం పద్ధతి మరీ పాతది, చేయి కలపనంది.
ఇరవై ఏళ్ళ నాటి లినక్సు మరి.
ఆ పాత పద్ధతి పేరు ఒక వరుసలో రాసి బతిమాలాను.
కలిపింది.
ఆ తర్వాత ఏమీ లేదు.

నల్లటి తెర. ఎడమ మూల కర్సరు.
చీమకుర్తి రాయికి పాలిష్ పట్టి
అందులో ఒక్క బంగారు చుక్క మాత్రం వదిలేసినట్టు.
పింగ్ పోతోంది, వస్తోంది. ప్రాణం ఉంది.
పాస్‌వర్డ్ మాత్రం అడగదు.
రెండు నిమిషాలు. తెగిపోయింది.
మళ్ళీ తట్టాను. సరిగ్గా రెండు నిమిషాలు.
చెడిపోయింది ఏదీ ఇంత టైము ప్రకారం చెడిపోదు.
ఇది ఎవరికోసమో ఎదురుచూస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది.
ఎవరు తట్టినా, తలుపు తీసేముందు ఈ సర్వరు
పాత ఆఫీసులో ఇంకో పెట్టెను అడుగుతుంది:
ఈ నంబరు ఎవరిది?
ఖాదర్‌బాషా గారు నేర్పిపోయిన అలవాటు.
ఆ పెట్టెను పోయిన శుక్రవారం
ఇనుప సామానుతో కలిపి తుక్కు కింద అమ్మేశారు.
తూచింది ఈ కాటా మీదే.
ఇది ఇంకా అడుగుతూనే ఉంది.

గదిలో ఉన్నది వాచ్‌మన్ పెంచలయ్య ఒక్కడే.
"ఇంగిలీషు రాదమ్మా. బండ్ల నంబర్లు మాత్రం చదవతా."
"చాలు. ఆర్ కొట్టు."
"ఆర్... ఉండాది."
"ఓ."
"సున్నానా?"
"కాదు, ఓ. సున్నా లాగే ఉంటది."
"బండ్ల మీద అట్టాంటిది లేదే."
నిజమే. సున్నా అనుకుంటారని ఆ అక్షరాన్ని
బండి సీరీసుల్లోకి రానివ్వరు.
గేటు దగ్గర చదువుకున్నవాడికి ఒక అక్షరం తక్కువ.
"ఏపీలో పీ ఉందే, దాని పక్కింటిది."
"ఆఁ. దొరికింది. దుమ్ము పట్టి ఉండాది."

పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోయాడు.
"కొడతా ఉంటే ఏమీ పడటం లేదమ్మా."
"పడదు. నువ్వు కొట్టు, అది వింటది."
ఫోన్లో హారన్లు. ఎవడో తిడుతున్నాడు.
"ఉండ్రా అబ్బయా" అని అటు తిరిగి అరిచాడు,
నన్నే అన్నట్టు ఇక్కడ నేనూ ఉండిపోయాను.

ఒకే ఒక్క వరుస. నా నంబరు, పక్కన నా పేరు.
వాలుగీతలు, చుక్కలు, పొడుగు మీట,
ఒక్కొక్కటీ క్రేనుతో రాయి దించినట్టు దించాడు.
"పేరేందమ్మా?"
"షారోను." అక్షరాలు చెప్పాను.

మళ్ళీ తట్టాను.
తీసిన ఊపిరి వదలకముందే పాస్‌వర్డ్ అడిగింది.
బిల్లులు కదిలాయి. మొదటి బండి
నలభై ఒక్క టన్నుల మూడువందల అరవై కిలోలు.

పొద్దున చూశాను, ఆ వరుసలో ఏముందో.
ఎస్, హెచ్, ఏ, ఆర్, సున్నా, ఎన్.
సర్వరుకు పట్టింపు లేదు.
అడిగితే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి, అంతే.
దిద్దబోయి ఆగిపోయాను.

రాత్రి ఫోన్ పెట్టేముందు పెంచలయ్య అడిగాడు:
"ఆ పీ పక్కింటి దాంతో మళ్ళీ ఏమన్నా పని పడద్దా అమ్మా?
తుడిచి పెడతా."