కారణం అనే గడి

బోర్డు మీద ఏమీ రాయను.
కూర్చోండి. ఆ కిటికీ మూయకండి,
చలిని కాస్త లోపలికి రానివ్వండి.
ఈ పాఠానికి అది కావాలి.

కోయిపాసా ఉప్పు మైదానం అంచున
పదకొండు మంది కుర్రాళ్లు, ఒక సార్జెంటు, నేను.
భుజానికి నక్షత్రం కుట్టించుకుని నలభై రోజులు,
దారం కొస ఇంకా కత్తిరించనే లేదు.
దొంగ కార్లు దీపాలార్పుకుని
ఉప్పు మీద జారిపోయే రాత్రులు.
జూలై. తెల్లారేసరికి నీళ్ల డబ్బా రాయి.

కాపలా జాబితా నేనే రాశాను.
వాస్కార్ టికోనా పేరు వరసగా రెండుసార్లు పడింది.
పగ ఏమీ లేదు.
కునికిపాట్లు పడుతూ రాశాను, అంతే.
అతను అడగలేదు.
పద్దెనిమిదేళ్లవాడు లెఫ్టినెంటుని ఏమడుగుతాడు?

పొద్దున బూటు కోసి తీశాం.
ఎడమ కాలి వేళ్లు రెండు
మంచులో ఎండేసిన చూన్యో దుంపల్లా
నల్లగా, తేలిగ్గా.

పేరు, నంబరు, గాయం: నింపాను.
కారణం అనే గడి మిగిలింది.
కొలిచి చూస్తే
రెండు వేళ్ల వెడల్పు.

‘సైనికుడి అజాగ్రత్త అని రాసెయ్,
నీకింకా ముప్ఫై ఏళ్ల నౌకరీ ఉంది’
అన్నాడు రేడియోలో కెప్టెన్.
చెడ్డవాడు కాదు.
ముందు వారమే తన దుప్పటి నాకు పంపినవాడు.

సార్జెంటు సెవేరో చాంబి నోరు మెదపలేదు.
జాబితా మడత విప్పి
నా ముందు పెట్టి
పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు.

అజాగ్రత్త అని రాశాను.

ఉప్పు తిన్నవాళ్లకి ద్రోహం చేయకూడదంటారు.
ఆ రాత్రి బయటికొచ్చి నిలబడితే
కనుచూపు మేర ఉప్పే.
ఎవరి ఉప్పు తిన్నాను?
కెప్టెన్‌దా, సైన్యానిదా అని తేల్చుకోలేక
లోపలికొచ్చి సూపు నోట్లో పెట్టుకున్నాను.
చప్పగా ఉంది.
రోజూ అందులో ఉప్పు వేసేది వాస్కార్.

వెంటనే పరిగెత్తానని అనుకుంటున్నారు మీరు.
లేదు. మూడు రోజులు పట్టింది.
ఉప్పు లారీ ఎక్కి ఒరూరో ఆసుపత్రికి పోయేసరికి
మంచానికి చీటీ వేలాడుతోంది:
కోలుకున్నాక పది రోజుల నిర్బంధం.
వాళ్లమ్మ నేల మీద కూర్చుని
మేజోళ్లు ఉతుకుతోంది, రెండూ.
పలకరించడానికొచ్చిన పెద్దమనిషిననుకుని
జరిగి చోటిచ్చింది.

అక్కడే, ఆమె పక్కనే, రెండో కాగితం రాశాను.
కారణం: కాపలా జాబితాలో నా తప్పు.
చేయి వణికి అక్షరాలు కోడిగీతలయ్యాయి.

నిర్బంధం రద్దయింది.
నా రెండో నక్షత్రం నాలుగేళ్లు ఆలస్యమైంది.
కెప్టెన్ మళ్లీ నన్ను పేరు పెట్టి పిలవలేదు.
ఇవన్నీ తూచి చూపిస్తే మీకు బాగుంటుంది గానీ
వేళ్లు ఏ తక్కెడలో వేయను?

వాస్కార్ ఆ కాగితం చదివాడు.
గోడవైపు తిరిగి
‘మూడు రోజులు, లెఫ్టినెంట్’ అన్నాడు.
ఇంకేమీ అనలేదు, ఇప్పటిదాకా.

వెనక వరసలో ఎవరో చేయెత్తారు.
యుద్ధంలోనైతే ఏం చేసేవాడినని కదా?
నాకు తెలియదు. చేయి దించు.

ఇదిగో, గుమాస్తా తిరిగిచ్చిన మొదటి కాగితం.
ఒకరి చేతినుంచి ఒకరికి చివరిదాకా పోనివ్వండి.
దస్తూరీ చూడండి,
ఎంత గుండ్రంగా, ఎంత అందంగా ఉందో.