మూడో అర, ఎడమ వైపు

కుషిరో రేవు మీద పొగమంచు దిగిన రోజు
మా మందుల షాపుకి జనం పలచగా వస్తారు.
అలాంటి పూటే నేను అరలు సర్దేది.
మూడో అర, ఎడమ వైపు:
బార్లీ చిగుళ్ల పొడి, కేల్ ఆకుల పొడి,
అరటిపండు వాసన కలిపింది ఒకటి,
డబ్బా మీద కప్ప నవ్వుతూ ఉండేది ఒకటి.
ఆ కప్పని నేనెప్పుడూ నమ్మలేదు.

నిన్న ఒకాయన వచ్చాడు, రబ్బరు బూట్లతో,
చేతులకింకా సాల్మన్ నీచు.
"మా పాపకి నాలుగేళ్లు. ఆకు కనబడితే చాలు
పళ్లెం అవతలికి నెట్టేస్తుంది. వీటిలో ఏది మంచిది?"
డబ్బా తిప్పి వీపు చూపించాను.
"బొమ్మలు ముందుంటాయి, సంగతులు వెనకుంటాయి.
అక్షరాలు చీమల్లా ఉంటాయి, అద్దాలు పెట్టుకోండి.
వరసలో మొదటి పేరు చక్కెరదైతే
అది పచ్చ చొక్కా తొడుక్కున్న మిఠాయి.
పాప రోజూ వేసుకునే మందులేమైనా ఉంటే
డాక్టర్ని అడక్కుండా కలపకండి."
ఆగలేక ఇంకోటి కూడా అన్నాను,
అమ్మేవాళ్లు అనకూడనిది:
"ఇది కూరకి బదులు కాదండీ."
ఆయన నడుం వంచి, అన్నిటికన్నా చిన్న పెట్టె
కొనుక్కుని మంచులో కలిసిపోయాడు.

కౌంటర్ వెనక నుంచి ముత్సుకో గారు
"ఇంతకీ మీవాడు తాగుతాడా?" అన్నారు.
సర్దిన వరసే మళ్లీ సర్దాను.

మావాడు రెంజీ. ఆరేళ్లు. తెల్లటివే తింటాడు.
అన్నం, ఉదోన్, తోఫు, అంచులు తీసేసిన బ్రెడ్డు.
సూప్‌లో ఉల్లికాడ ముక్క
గోటి మీది మచ్చంత తేలినా సరే,
దొంగని పట్టుకున్నట్టు పట్టి
గిన్నె అంచు మీద నిలబెడతాడు.
ఇంట్లో నాకూ ఒక అర ఉంది, సింకు కింద:
ఉద్యోగుల తగ్గింపు ధరకి కొని
చెంచాడు వాడి, మూత బిగించిన డబ్బాలు,
పదకొండు.

పాలల్లో కలిపితే పాలు మానేశాడు.
పాన్‌కేక్‌లో కలిపితే
"అమ్మా, దీనికి జ్వరమొచ్చింది" అన్నాడు.
పెరుగులో, జామ్ కింద, దాచిపెట్టాను ఒకసారి.
తిన్నాడు. మూడు చెంచాలు.
నా మొహంలోకి చూస్తూ తిన్నాడు.
మింగుడు పడనిది నాకు.
ఆ తర్వాత దాచలేదు.

ఆదివారం గది నిండా అట్టపెట్టెలు, రైలు పట్టాలు,
మా ఊరి చిత్తడి నేల,
కాగితం కొంగలు నాలుగు, ఎర్ర నెత్తులతో.
"గడ్డి కావాలమ్మా."
పచ్చ రంగు పెన్సిలు పిప్పిపన్నంత మిగిలింది.
వెతికి వెతికి సింకు తలుపు తీసింది వాడే.
అన్నం మెతుకులు నలిపి జిగురు చేశాం.
టీ వడకట్టే జల్లెడతో చల్లాం.
బార్లీది లేత పచ్చ, పట్టాల పక్కన.
కేల్‌ది ముదురు, దూరంగా.
కప్ప డబ్బాది నీళ్ల ఒడ్డున,
దాని ఉద్యోగం దానికి దొరికింది.
లెక్కేస్తే ఎనిమిది వేల యెన్‌ల గడ్డి.
నవ్వొచ్చింది నాకు, కడుపులో కలుక్కుమంది కూడా.

వేలికి అంటిన పొడిని
రెంజీ నాకాడు.

నేను కిటికీ వైపు తిరిగి
లేని ఓడలేవో చూశాను.
ఎలా ఉందని అడిగితే
కొంగలా లేచిపోతుంది ఆ క్షణం.
"గడ్డే" అన్నాడు వాడు.
ఇంకో వేలు నాకి, ఆలోచించి,
"దూరం గడ్డి చేదు. పట్టాల పక్కది కాదు."
తర్వాత రైలు నడిపే పనిలో పడ్డాడు.

రాత్రి కిటికీ మూయడం మరిచాం.
మంచు లోపలికొచ్చి
గడ్డంతా తడిసి ముద్దయింది,
పొద్దుటికి ముందు పెట్టె చక్రాలు కూరుకుపోయాయి.
ఏడుస్తాడనుకున్నాను.
రైలుని లాగి చొక్కాకి తుడిచి
"లేతది ఇంకా ఉందా?" అన్నాడు.

నేలకా, నోటికా అని అడగలేదు.
మూత తిప్పాను.