మైకు ఆగాక

డండీలో ఆదివారం, పొద్దున పది.
మేం పదకొండు మందిమి, ఒక కుక్క.
టే నది మీంచి వచ్చే చినుక్కి
గొడుగంటే లెక్కలేదు, పక్కనుంచి దూరుతుంది.

ముందు ఎఫీ గీకీ నడుస్తోంది.
ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చదివిన మనిషి
ఇప్పుడు గోడలు చదువుతోంది.
ఒక్కో నంబరు దగ్గర ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుని,
బాకీ వసూలుకొచ్చినట్టు నిలబడుతుంది.

"ఇక్కడ వాసన చూడండి" అంది.
చూశాం. కాఫీ. తడిసిన కుక్క.
"అంతేనా?"
అంతే.
"మా అమ్మమ్మ రోజుల్లో ఇక్కడ తిమింగలం నూనె.
జనపనార మెత్తబడాలని పోసేవాళ్ళు.
ఎంత రుద్దుకున్నా ఒంటిని వదిలేది కాదట.
ట్రాములో ఆమె పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే."

బెంగాల్లో నడుం లోతు నీళ్ళలో నిలబడి
ఎవరో ఒలిచిన నార
ఓడెక్కి వచ్చి ఈ సందులో గోనె అయ్యేది.
ఒలిచినవాళ్ళ పేర్లేమిటని నేనడిగాను.
ఎఫీ చాలాసేపు బూట్ల వంక చూసింది.
"నా దగ్గర ఈ వీధి ఒక్కటే ఉందమ్మా.
ఆ పేర్లు అక్కడెవరో నడుస్తూ చెబుతుండాలి."

మిల్లు ఇప్పుడు ఫ్లాట్లు.
మూడో అంతస్తులో ఒక కుర్రాడు కర్టెన్ లాగాడు.
పదకొండు మొహాలు పైకెత్తి తననే చూస్తుంటే
గబుక్కున లాగు తడుముకున్నాడు.
అతని మంచం ఉన్నచోట మగ్గాలుండేవి,
మగ్గాల ముందు ఆడవాళ్ళు, సంపాదన వాళ్ళది.
పనిలేని మొగుళ్ళు ఇంట్లో పిల్లల్ని చూసుకునేవాళ్ళు.
కెటిల్ కాచేవాళ్ళని ఊరు వాళ్ళకి పేరు పెట్టింది.
నవ్వాం.
మాలో ఒకాయన నవ్వలేదు.
రెండు వీధులు దాటాక, ఎవరూ అడక్కుండానే,
"మా తాత టీ చాలా బాగా పెట్టేవాడు" అన్నాడు.

మధ్యాహ్నం లైబ్రరీ మేడ మీద ప్రసంగం.
తెర మీద నేతగత్తెలు, వరసగా, కత్తెరలు నడుముకి వేలాడేసి.
మగ్గాల రొదలో పాతికేళ్ళకే చెవులు పోయేవనీ
మాటల్ని గొంతులోంచి తీసి
పెదవుల్లో, వేళ్ళలో దాచుకున్నారనీ
ఎఫీ చెబుతుండగా
మైకు ఆగిపోయింది.

వెనక వరసలు గొణిగాయి. లైబ్రరీ కుర్రాడు వైర్లు పీకాడు.
ఎఫీది చిన్న గొంతు, రెండో వరస దాటదు.
అప్పుడు చిట్టచివర, కోటు విప్పకుండా కూర్చున్న ముసలావిడ
ఎఫీ పెదవుల్నే చూస్తూ
ఒక్కో వాక్యం మాకు అందించడం మొదలెట్టింది.
పెద్ద గొంతు. వంద మగ్గాల్ని దాటాల్సిన గొంతు.
"కిటికీ పక్క మగ్గం కొత్తగా చేరినవాళ్ళకిచ్చేవారు అంటోంది."
ఆగింది.
"తప్పు. అది నాది. పదకొండేళ్ళు నాదే."

ఎఫీ కాగితాలు కింద పెట్టేసింది.
నేతగత్తె కూతురే కదా.
చప్పుడు లేకుండా పెదవులు కదిపి ఏదో అడిగింది.
ఇసొబెల్ ప్యాటులో (ఆ పేరు మాకు తర్వాత తెలిసింది)
చప్పుడు లేకుండానే జవాబిచ్చింది,
రెండు వేళ్ళు బుగ్గకి ఆనించి.
ఎఫీ పగలబడి నవ్వింది.
నలభై కుర్చీల మీదుగా మాటలు అటూ ఇటూ వెళుతున్నాయి.
మాకు ఒక్కటీ వినపడలేదు.
మా చెవులు బాగానే ఉన్నాయి.

కుర్రాడికి ఎట్టకేలకి సరైన వైరు దొరికింది.
మైకు కీచుమంది.
అందరం చెవులు మూసుకున్నాం.
ఇసొబెల్ ఇంకా
ఏదో చెబుతూనే ఉంది.