యాభై రెండో ముక్క

లాలాపేట పాత సామాన్ల కొట్లో
తూకానికి పోతున్న పేకని
పది రూపాయలిచ్చి ఆపాను.

మా అరుగు మీద కూర్చుని లెక్కపెడితే యాభై ఒకటి.
యాభై రెండోది ముక్క కాదు,
సిగరెట్టు పెట్టె అట్ట.
దానిమీద బాల్‌పెన్నుతో ఎవరో
ఆటీను రాణిని గీశారు,
ముక్కుపుడకతో సహా.

వెనక నుంచి చూస్తే
ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలిసిపోయే రాణి.
తెలిసే ఆడారన్నమాట.
కొత్త పేక కోసం బ్రాడీపేట దాకా
ఎవడు లేచి వెళ్తాడు, ఆట మధ్యలో!

ముక్కల అంచుల్లో మిరపకాయ ఘాటు.
యార్డు గుమాస్తాలదేమో.
ఒక్కసారి కలిపానో లేదో నాలుగు తుమ్ములు.

శేషారత్నం గుమ్మానికి అడ్డం నిలబడింది.
"మా నాన్న రెండెకరాలు రమ్మీలో పోశాడు.
అది గడప దాటదు."
ఆడను, దాచుకుంటానన్నాను.
"ఆడనివాడికి పేకెందుకు?"
జవాబు ఇప్పటికీ వెతుకుతున్నా.

బీరువా పై అరలో ఇప్పుడు ముప్పై ఏడు.
సీలు విప్పనివి, బంగారు అంచువి,
రైల్లో దొరికిన, జోకర్లు లేనిది ఒకటి.
అన్నిటి ముందూ ఆ పది రూపాయలది
వంగిపోయి, జిడ్డోడుతూ, పెద్దదిక్కులా.

అట్టరాణిని నేనెప్పుడూ మధ్యలోనే పెడతాను.
దుమ్ము దులిపే పని శేషారత్నానిది.
దులిపిన ప్రతిసారీ
రాణి పైన ఉంటుంది.